ఇల్లా

విమానం దిగి మూడు రోజులైంది
నాయనమ్మ ఇంకా నన్ను ఆ పిల్ల పేరుతోనే లేపుతోంది

"ఇల్లా, లెగు, టీ సల్లారిపోతంది"

హిల్లా అని దిద్దబోయి ఊరుకున్నాను
హకారం మా నాయనమ్మ నోట ఏనాడు నిలిచింది గనక
అయినా దిద్దాల్సింది అది కాదు కదా
నేను నూకరత్నాన్ని

పది నెలలు నా మంచం మీద ఆ పిల్ల,
ఆ పిల్ల మంచం మీద నేను

కోటవీధిలో మా రెండు గదుల వాటా
నా మేకుకి దాని తువ్వాలు
నా కంచంలో దాని చెయ్యి
మొదటి నెల స్పూను, రెండో నెల రెండు వేళ్లు
దసరా నాటికి మోచేతి దాకా పులుసు కార్చుకుంటూ
నెత్తళ్లని తలతో సహా నమిలేసిందట
ఇది చెప్తున్నప్పుడు నాయనమ్మ ముఖంలో ఉన్న వెలుగు
నా టెన్త్ మార్కులకి కూడా రాలేదు

ఔలులో నేనేం చేశానని ఎవరూ గట్టిగా అడగలేదు
"సలేనా?" అన్నారు
"చలే" అన్నాను
అయిపోయింది

ఎలా చెప్పను
మధ్యాహ్నం మూడింటికే వీధిదీపాలు వెలిగే నవంబరు గురించి
పక్క సీటు ఖాళీగా ఉన్నా
నిలబడే ప్రయాణం చేసే మనుషుల గురించి
మొదట్లో నన్ను చూసి దూరం జరిగారనుకున్నాను
ఫిబ్రవరికి నేనూ అలాగే నిలబడ్డాను
నిన్న ఇసకతోట ఆటోలో ఐదుగురి మధ్య ఇరుక్కుని
ఊపిరి బిగబట్టుకుంటే
పక్కనున్నావిడ నా ఒళ్లో పూలబుట్ట పెట్టేసి
"పట్టుకో అమ్మా" అంది

జనవరిలో అక్కడ సముద్రం నిలబడిపోతుంది
హిల్లా వాళ్లమ్మ టార్యా నన్ను ఒడ్డుకు తీసుకెళ్లి
ముందు తను నడిచి వెనక్కి తిరిగి చూసింది
నా కాలు కదల్లేదు
గంగమ్మని జోళ్లతో తొక్కకూడదు
ఈ ముక్కకి నాకొచ్చిన ఫిన్నిష్‌లో మాటలు లేవు
వంగి బూట్లు విప్పాను, మేజోళ్లూ విప్పాను
మూడడుగులు వేశాను
నాలుగోదానికి పాదాలు నావి కావు

టార్యా అరవలేదు, నవ్వలేదు
మోకాళ్ల మీద కూర్చుని
నా పాదాలు తన కోటు లోపల పెట్టుకుంది
చాలాసేపు
ఆ దేశంలో అందరికంటే ఎక్కువ మాట్లాడింది
ఆ రోజే అనిపిస్తుంది

మంచం పక్క గోడ మీద పెన్సిలు గీతలు దొరికాయి
వంకర అక్షరాలు, తమ్ముడు నేర్పినవి కాబోలు
"ఫాను చాల మాటలాడుతది
నేను వింటాను"
నేను దాని కిటికీ మంచు మీద గోరుతో నా పేరు రాసి వచ్చాను
ఏప్రిల్‌కే కారిపోయి ఉంటుంది

రాత్రి హార్బరు నుంచి నాన్న వచ్చాడు
ఐసు ప్లాంటులో దిమ్మలెత్తే మనిషి
చొక్కా ఎప్పుడూ చల్లగా ఉంటుంది, చేపవాసనతో
"అయిసు సూడ్డానికి అంత దూరం ఎల్లాలేటే
రోజుకి రెండొందల దిమ్మలు నా ఈపు మీదే పోతాయి" అని
తన జోకుకి తనే నవ్వి
కాసేపు ఏమీ అనలేదు

తర్వాత అన్నాడు

"ఏప్రిల్లో ఓ మజ్జానం వొచ్చిందే ఆ పిల్ల, ప్లాంటుకి
ఎవులికీ సెప్పకుండా
సెప్పులు బయట ఇడిసీసి
దిమ్మకి సెంప ఆనించి నిలబడిపోయింది
నేను మిషను ఆపీసినాను
పది నిముషాలు
మేనేజరు తిట్టీసినాడులే"

కంచం కడుక్కోడానికి లేచాడు
నేను నా పాదాల వైపు చూసుకున్నాను

లోపల్నించి నాయనమ్మ
"ఇల్లా?"

"ఆఁ" అన్నాను